పుట్టినరోజు ఫంక్షన్‌లో పిల్లల కార్టూన్ బొమ్మలు: నాలుగు నిమిషాల్లో పోలిక తేవడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఫోటో చూసి గంటన్నరలో పెన్సిల్‌తో ముఖచిత్రం గీస్తారు, పోలిక బాగానే వస్తుంది. వచ్చే నెలలో బంధువుల పాప పుట్టినరోజుకు వచ్చే పిల్లలందరికీ అక్కడికక్కడే కార్టూన్ బొమ్మలు గీసి ఇవ్వమన్నారు. పిల్లలు 40 మంది, సమయం రెండున్నర గంటలు. ఇంట్లో అన్నయ్యగారి పిల్లల్ని కూర్చోబెట్టి ప్రయత్నిస్తే ఒక్కరూ కుదురుగా ఉండలేదు, గీసిన బొమ్మలేమో ముప్పై ఏళ్ల మనుషుల్లా వచ్చాయి. నేను చాలా ఏళ్లుగా ఫంక్షన్ హాళ్లలో ఈ పనే చేస్తున్నాను కాబట్టి, మీకు పనికొచ్చేవన్నీ వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క తేల్చుకోండి. ఒక బొమ్మకు నాలుగు నిమిషాలు, పిల్లవాడు దిగి ఇంకొకరు ఎక్కి కూర్చోవడానికి, పేరు అడగడానికి ఒక నిమిషం. అంటే గంటకు 12 బొమ్మలు, రెండున్నర గంటలకు 30. మధ్యలో కేకు కోసే సమయంలో మీ దగ్గర ఒక్కరూ ఉండరు. ఆటలు పెట్టించేవాళ్లు పిల్లల్ని పిలుచుకుపోతే మరో పావుగంట పోతుంది. చేతికి కాస్త విశ్రాంతి కూడా కావాలి. కాబట్టి 25 అని పెట్టుకోండి. 40 మందికీ ఇస్తానని ఒప్పుకోకండి. చివర్లో మిగిలిపోయిన పిల్లలు ఏడుస్తారు, ఆ ఏడుపు ఆ ఇంటివాళ్లకు ఇబ్బంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే ఇద్దర్నీ ఒకే కార్డు మీద గీస్తానని ముందే చెప్పండి. ఇద్దరికీ కలిపి ఆరు నిమిషాలు చాలు, ఎందుకంటే భుజాలు, బట్టలు, పేర్లు కలిసిపోతాయి. ఇలా జంటలు కలిస్తే 40 మందిలో చాలావరకు అయిపోతారు. అతిథులు రావడం మొదలైన నిమిషం నుంచే కలం పట్టుకుని ఉండాలి. కేకు తర్వాత మొదలుపెడితే భోజనాల వేళ అవుతుంది, పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది.

పుట్టినరోజు పాపను మాత్రం అందరికంటే ముందు గీయండి. వీలైతే అతిథులు రాకముందే. రెండు గంటలు గడిచాక ఆ పిల్ల కొత్త బట్టలు గుచ్చుకుంటున్నాయని, వచ్చినవాళ్లంతా బుగ్గలు గిల్లుతున్నారని విసిగిపోయి ఉంటుంది. అదే మొదటి పుట్టినరోజైతే మనిషిని చూసి గీయాలన్న పట్టుదల వదిలేయండి. తల్లి ఫోనులో ఆ వారంలో తీసిన, బాగా నవ్వుతున్న ఫోటో ఒకటి అడిగి తీసుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ బొమ్మలు ముప్పై ఏళ్లవాళ్లలా ఎందుకు వచ్చాయి? మీ చేతికి అలవాటైన కొలతలు పెద్దవాళ్లవి. పెద్దవాళ్ల తలలో కళ్లు సరిగ్గా సగం ఎత్తులో ఉంటాయి. డ్రాయింగ్ నేర్చుకున్నవాళ్లందరికీ ఇది మొదటి పాఠం. పిల్లల్లో కళ్ల వరుస ఆ సగం గీత కంటే కిందికి ఉంటుంది. ఏడాది పిల్లలకు బాగా కిందికి, ఐదారేళ్లకు కొంచెం కిందికి, పన్నెండు దాటేసరికి దాదాపు సగానికి వస్తుంది. పుర్రె పైభాగం త్వరగా పెరుగుతుంది, దవడ, ముక్కు, పళ్లు ఉన్న కింది భాగం ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే నుదురు విశాలంగా, గడ్డం చిన్నగా కనిపిస్తాయి. కళ్ల సంగతి ఇంకా విచిత్రం. కంటి నల్లగుడ్డు పుట్టినప్పుడే దాదాపు 10 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, రెండు మూడేళ్లు వచ్చేసరికి పెద్దవాళ్ల కొలతకు, అంటే ఇంచుమించు 12 మిల్లీమీటర్లకు చేరిపోతుంది. ముఖం ఇంకా చిన్నదే, నల్లగుడ్డు మాత్రం పెద్దవాళ్లది. అందుకే పిల్లల కళ్లు అంత పెద్దవిగా, తెల్లగుడ్డు తక్కువగా కనిపిస్తాయి. మీరు చుట్టూ తెలుపు వదిలి నల్లగుడ్డును చిన్నగా పెడితే చాలు, ఐదేళ్ల పాప ఒక్కసారిగా ఆఫీసు నుంచి వచ్చిన మనిషి అయిపోతుంది.

ముక్కు దూలం ఈ వయసులో ఇంకా లేవదు. కాబట్టి ముక్కుకు పక్క గీతలు వేయకండి. కొన దగ్గర చిన్న వంపు ఒక్కటి చాలు. పెదవుల చుట్టూ గీతలు, కంటి కింద గీతలు, ముక్కు నుంచి నోటి చివరకు దిగే గీత, ఇవేవీ వద్దు. నవ్వినప్పుడు ఆ గీత నిజంగానే కనిపిస్తుంది, మీ కన్ను దాన్ని చూస్తుంది, చెయ్యి వేయబోతుంది. ఆపుకోండి. కాగితం మీద ఆ ఒక్క గీత ఇరవై ఏళ్లు పెంచుతుంది.

ఇదంతా వయసు గురించి. పోలిక వేరే సంగతి, ఈ రెండూ కలగాపులగం కావడం వల్లే చాలామంది తడబడతారు. 1987లో జిలియన్ రోడ్స్, సుసాన్ బ్రెన్నన్, సుసాన్ కేరీ అనే ముగ్గురు ప్రచురించిన పరిశోధన ఒకటి ఉంది. తెలిసిన మనుషుల ముఖాల్ని గీతల్లో ఉన్నదున్నట్టు గీసిన బొమ్మల కంటే, సగటు ముఖానికి భిన్నంగా ఉన్నవాటిని మరికాస్త పెంచి గీసిన బొమ్మల్ని చూసినవాళ్లు త్వరగా గుర్తుపట్టారు. ఇలా పెంచి గీసే బొమ్మే క్యారికేచర్, అది పనిచేసేది ఇలాగే. అయితే ఐదేళ్ల పిల్లవాడిని ఏ సగటుతో పోల్చాలి? పెద్దవాళ్ల ముఖంతో పోల్చితే పెద్ద నుదురు, పెద్ద కళ్లు, బూరెబుగ్గలు తేడాలుగా తోస్తాయి, వాటినే పెంచుతాం. అప్పుడు వరుసలో కూర్చున్న పదిమంది పిల్లలకూ ఒకే బొమ్మ వస్తుంది. మాల్స్‌లో గీసి ఇచ్చే కార్టూన్లు చాలావాటిలో ఉన్న లోపం ఇదే. ఆ పిల్లవాడిని అదే వయసు పిల్లలతో పోల్చాలి. వాళ్లందరిలో వీడికే ఉన్నది ఏమిటి? కనుబొమలు దట్టంగా ఉన్నాయా? కళ్ల మధ్య దూరం ఎక్కువా? పై పెదవి కాస్త ముందుకు వచ్చిందా? నవ్వితే ఒక కన్ను ముందు మూసుకుంటుందా? ముందు వయసు కుదరాలి, ఆ తర్వాత పిల్ల. నేను ఎవరికి నేర్పినా ఈ వరుసలోనే నేర్పుతాను.

ఫంక్షన్‌లో ఇందుకు ఒక వసతి ఉంది. పక్కనే అదే వయసు పిల్లలు నలుగురు వరుసలో నిలబడి ఉంటారు. కుర్చీలో ఉన్న పిల్లను, వెనక నిలబడ్డవాళ్లను ఒకసారి మార్చి మార్చి చూడండి. తేడా దానంతటదే కనిపిస్తుంది. ఆ చూపుకు 20 సెకన్లు ఇవ్వండి, అంతవరకు కలం కార్డుకు తాకించకండి. కొత్తవాళ్లు ఈ 20 సెకన్లు మిగుల్చుకోవాలని చూసి తర్వాత రెండు నిమిషాలు దిద్దుకుంటారు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఏడేళ్ల పాప వచ్చి కూర్చుంది అనుకోండి. ఆకుపచ్చ పట్టు లంగా, రెండు జడలు, రిబ్బన్లు, పైపళ్లలో ఒకటి ఊడి సందు ఉంది. సిగ్గుపడుతూ పెదాలు బిగించి కూర్చుంది. నేను పెన్సిల్ వాడను, కుంచెలాంటి మొన ఉన్న బ్రష్ పెన్‌తో నేరుగా మొదలుపెడతాను. ముందు కళ్లు, కనుబొమలు, నోరు గీస్తాను. జుట్టు, జడలు ఎక్కడికీ పోవు, నవ్వు మాత్రం రెండు సెకన్లలో పోతుంది. అందుకే ఆ నవ్వు రప్పించాలి. "ఊడిన పన్ను ఎక్కడ దాచావమ్మా?" అని అడిగితే చాలు, ఆ సంగతి చెప్పకుండా ఉండలేదు. చెబుతూ నవ్వుతుంది, సందు కనిపిస్తుంది, కింది రెప్ప పైకి లేస్తుంది, బుగ్గ ఉబ్బుతుంది. ఆ క్షణంలో చూసింది మనసులో పట్టుకుని తల దించి గీయాలి. మళ్లీ ఎత్తి చూసినప్పుడు ఆ పిల్ల కేకు వైపు తిరిగి ఉన్నా ఫరవాలేదు. కళ్ల నుంచి నోటి దాకా ఒక నిమిషం. తర్వాత బుగ్గ నుంచి గడ్డం మీదుగా రెండో బుగ్గ దాకా ఒకే గీత, ఎక్కడా ఆపకుండా. గీత అతుకులు పడితే బుగ్గకు నునుపు పోతుంది. పాపిడి, నుదుటి మీద ముంగురులు, చెవులు, జడలు, రిబ్బన్లు మరో నిమిషం. ఇక్కడే కొంచెం అల్లరి చేయవచ్చు. తల ఊపినట్టు ఒక జడను గాల్లోకి ఎగరేయండి. లంగా, చేతులు, పేరు, రిబ్బన్లకు రంగు కలిపి మిగతా సమయం. శరీరాన్ని తల కంటే చిన్నదిగా పెట్టండి, రెండు పిడికిళ్లంత చాలు. అంతకు మించి వేస్తే సమయం అక్కడే పోతుంది.

ఏమి పెంచాలి అన్నదానిపై నాకు గట్టి అభిప్రాయం ఉంది. పత్రికల్లో రాజకీయ నాయకుల క్యారికేచర్లు చూసి చాలామంది ఈ పనికి వస్తారు. 2014లో నెల్సన్ మండేలా క్యారికేచర్‌కు వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో గ్రాండ్ ప్రి, అంటే అత్యున్నత బహుమతి, అందుకున్న తెలుగు కార్టూనిస్టు పామర్తి శంకర్ పని చూస్తే ఎవరికైనా చేతులు ఊరతాయి. కానీ అక్కడ గీసేది లోకమంతా ఎరిగిన ముఖం, వయసు చెక్కిన ముఖం. పైగా ఆ బొమ్మలకు చిత్రకారుడు తీరికగా సమయం ఇస్తాడు. మీ ముందున్నది తన ముఖాన్ని ఇంకా అద్దంలో నేర్చుకుంటున్న మనిషి. ఈ వేళ మీరు చెవులు దొప్పల్లా గీస్తే, రేపటి నుంచి బళ్లో ఆ పిల్లవాడికి అదే పేరు. లావు, మెల్లకన్ను, ఎత్తుపళ్లు, మచ్చలు, పెద్ద చెవులు, వీటిని పెంచకండి. దాచనూ వద్దు, ఉన్నంతలో గీసి వదిలేయండి. పెంచదగ్గవి వేరే ఉన్నాయి: నవ్వు, కనుబొమల ఎగరవేత, జుట్టు సుడి, పిలక, పాపిడి బిళ్ల, బుగ్గ మీది సొట్ట, కళ్లజోడు. కళ్లజోడు పెట్టుకున్న పిల్లలకు అది తీసేసి గీయమని పెద్దవాళ్లు చెబుతుంటారు. నేను పిల్లలనే అడుగుతాను. చాలామంది ఉంచమనే అంటారు. చెవిలో వినికిడి పరికరం ఉన్న పాపకు కూడా అంతే, ఆమెనే అడిగి, ఉంచమంటే ఆమెకు నచ్చిన రంగులో గీయండి. పాలపళ్లు ఊడిన సందు మాత్రం ఆరేడేళ్ల వయసుకు గుర్తు, పిల్లలు దాన్ని గొప్పగా చూపించుకుంటారు. అదొక్కటి ధైర్యంగా గీయవచ్చు.

తిరుపతిలోనో, ఇంటి ఇలవేల్పు గుడిలోనో పుట్టువెంట్రుకలు తీయించి వచ్చిన పిల్లలు మన ఫంక్షన్లలో తప్పకుండా ఒకరిద్దరు ఉంటారు. జుట్టు లేకపోతే పోలిక రాదని కంగారుపడకండి. గుండు ఆకారమే ఒక్కో పిల్లకు ఒక్కో రకంగా ఉంటుంది. వెనక భాగం ఎంత బయటికి పొడుచుకొచ్చింది, నుదురు ఎక్కడ తిరుగుతోంది అన్నది ఒకే గీతలో చెప్పేయవచ్చు. పైన గంధం రాసి ఉంటే లేత పసుపు ఒకసారి అద్దండి. బుగ్గ మీద దిష్టిచుక్క ఉంటే అదీ వేయాలి, నానమ్మలు ముందు వెతికేది దాన్నే.

ఇంకొకటి. "కొంచెం తెల్లగా వేయండి" అని ఎవరో ఒకరు అంటారు, అదీ ఆ పిల్ల వింటుండగా. నేను ముఖానికి రంగే వేయను. తెల్ల కార్డు మీద నల్లగీత, రంగు బట్టలకు, రిబ్బన్లకు, బెలూన్లకు మాత్రమే. సమయం కలిసొస్తుంది, ఆ మాటకు చోటూ ఉండదు. మీరు ముఖానికి రంగు వేసే పద్ధతి పెట్టుకుంటే మాత్రం నాలుగైదు గోధుమ ఛాయలు దగ్గర ఉంచుకుని, ఆ పిల్లకు ఏది ఉందో అదే వేయండి. ఆ విషయంలో పెద్దవాళ్ల మాట వినకండి.

కదిలే పిల్లల గురించి మీరు ఎక్కువ భయపడుతున్నారు. కదలనివ్వండి. "కదలకు" అన్న మరుక్షణం ముఖం బిగుసుకుంటుంది, అప్పుడు గీసేది ఆ పిల్ల ముఖం కాదు, క్లాసులో టీచరు ముందు నిలబడ్డ ముఖం. మూడేళ్ల లోపువాళ్లు తల్లి ఒళ్లో కూర్చోవాలి. తండ్రిని మీ భుజం వెనక నిలబెట్టి ఆడించమనండి, పిల్ల చూపు మీ వైపు ఉంటుంది. మూడు నుంచి ఐదేళ్లవాళ్లకు చేతికి ఒక మూత తీసిన స్కెచ్ పెన్ను, ఒక కాగితం ఇచ్చి "నువ్వు నన్ను గీయి" అనండి. మీ ముఖం చూడటానికి వాళ్లే తల ఎత్తుతారు. నాకు ఇంతకంటే బాగా పనిచేసిన ఉపాయం లేదు. ఆరు నుంచి తొమ్మిదేళ్లవాళ్లు మాటలు చెబుతారు, అదే వాళ్లను కుర్చీలో ఉంచుతుంది. పది దాటినవాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎలా వస్తుందోనని బెరుకుగా ఉంటారు. వాళ్లకు కార్టూన్ తగ్గించి అందంగానే గీయండి, "ఏం చేస్తున్నట్టు గీయమంటావు?" అని అడిగి బ్యాడ్మింటన్ రాకెట్టో, వీణో చేతిలో పెట్టండి. బొమ్మ మీద తమకూ కొంత అధికారం ఉందనిపిస్తే ఆ బెరుకు తగ్గుతుంది. ససేమిరా కూర్చోననే పిల్లను బలవంతంగా కూర్చోబెడుతుంటే మీరే వద్దనండి. దూరంగా ఆడుకుంటుండగా చూసి గీసి ఇవ్వవచ్చు.

సామాను ఎక్కువ అవసరం లేదు. కార్డు 200 జీఎస్ఎమ్ (కాగితం బరువు, చదరపు మీటరుకు గ్రాముల్లో) ప్రాంతంలో ఉంటే పిల్లల చేతుల్లో నలగదు, ఏ4 సైజు చాలు. ముద్రణకు కాగితం అమ్మే దుకాణంలో ఐవరీ కార్డు అడిగితే ఆ సైజులో కోసి ఇస్తారు. సిరా పీల్చుకోవడానికి ఎంత సమయం పడుతుందో ఇంట్లోనే చూసుకోండి, కొన్ని నున్నటి కార్డుల మీద తడి నిలిచి పిల్లల చేతికి అంటుకుంటుంది. పట్టు బట్టల మీద సిరా మరక పడితే ఎంత గొడవో మీకు తెలుసు. నీళ్లకు చెదరని సిరా ఉన్న బ్రష్ పెన్నులు రెండు, ఆపదకు సన్న మార్కరు ఒకటి, రంగుకు నీటి ఆధారిత మార్కర్లు ఏడెనిమిది. ఘాటు వాసన వేసే స్పిరిట్ మార్కర్లు, పొడి రాలే పాస్టెల్స్, బొమ్మ చెరిగిపోకుండా పైన స్ప్రే చేసే ఫిక్సెటివ్ పిల్లల మధ్య వద్దు. కింద పెట్టుకోవడానికి పరీక్ష అట్ట చాలు. ప్లాస్టిక్ కవర్లు కార్డుల లెక్కకు పది ఎక్కువే కొనండి, గీసిన వెంటనే అందులో పెట్టి ఇస్తే ఐస్‌క్రీమ్ చేతుల నుంచి బయటపడుతుంది.

హాల్లో చోటు మీరే ఎంచుకోండి, డెకరేషన్ వాళ్లకు వదలకండి. డీజే స్పీకర్ల పక్కన పిల్ల పేరు కూడా వినపడదు. రంగు మారే లైట్ల కింద బట్టల రంగు తెలియదు. బఫే దారిలో కూర్చుంటే పళ్లేలు మీ మీదుగా వెళతాయి. గోడకు వీపు పెట్టి కూర్చుని, సొంత ఎల్ఈడీ దీపం ఒకటి పిల్ల ముఖం మీద ఒక పక్క నుంచి పడేలా పెట్టుకోండి. కుర్చీ కాస్త ఎత్తుది అడగండి, పిల్ల కళ్లు మీ కళ్ల ఎత్తులో ఉండాలి. పైనుంచి చూస్తే నుదురు మరీ పెద్దదై లెక్క తప్పుతుంది. వరుసకు టోకెన్లు పెట్టి, ఇంటివాళ్లలో ఒక పిన్నినో బాబాయినో దాని బాధ్యత తీసుకోమనండి. మీరు గీస్తూ వరుస చూడలేరు. పేరు పెద్దవాళ్ల చేత చిన్న చీటీ మీద రాయించుకోండి. ఒకే పేరును ఒక్కో ఇంట్లో ఒక్కోలా రాస్తారు, అక్షరం తప్పితే బొమ్మ ఎంత బాగున్నా గోడకెక్కదు. పిల్లల బొమ్మల్ని ఫోటో తీసి మీ పేజీలో పెట్టాలనుకుంటే తల్లిదండ్రుల్ని ఒక్కొక్కరిని అడగాలి, పిలిచినవాళ్ల అనుమతి చాలదు.

ఇంకా నెల ఉంది కాబట్టి సాధన ఇలా చేయండి. మొదటి వారం పెన్సిల్, రబ్బరు ముట్టుకోకుండా కేవలం వయసు మీద పనిచేయండి. మీ కుటుంబంలో ఒకే మనిషివి ఏడాది, నాలుగేళ్లు, ఏడేళ్లు, పన్నెండేళ్లప్పటి ఫోటోలు తీసుకుని నాలుగూ పక్కపక్కన గీయండి. నాలుగు వయసులూ వేరువేరుగా తెలియాలి, నలుగురూ ఒకే మనిషి అని కూడా తెలియాలి. ఇది కష్టమే, కానీ వయసునూ పోలికనూ విడివిడిగా నేర్పే సాధన నాకు తెలిసి ఇదొక్కటే. రెండో వారం బాపు గీసిన పిల్లల బొమ్మలు కొన్ని తీసుకుని, ముఖం మీద ఎన్ని గీతలు ఉన్నాయో లెక్కపెట్టి, అన్నే గీతలతో మీ వీధి పిల్లల్ని గీయండి. మూడో వారం గడియారం పెట్టుకోండి. ముందు ఆరు నిమిషాలు, తర్వాత ఐదు, తర్వాత నాలుగు. చివరి వారం అపార్ట్‌మెంట్ కింద సాయంత్రం పిల్లలు ఆడుకునే చోట గంటసేపు కూర్చుని వరుసగా పదిమందిని గీసి ఇచ్చేయండి. చుట్టూ జనం, వెనక నుంచి సలహాలు, పక్కన గోల, ఇవన్నీ ఇంట్లో దొరకవు.

డబ్బు విషయం అడగలేదు కానీ అడగాల్సిందే. బంధువులు కాబట్టి వద్దనుకుంటే మీ ఇష్టం, కార్డులు, కవర్లు, రంగుల ఖర్చు మాత్రం వాళ్లను పెట్టుకోమనండి. ఇక ముందు బయటివాళ్లు పిలిస్తే బొమ్మకు ఇంత అని కాకుండా గంటకు ఇంత అని మాట్లాడుకోండి. బొమ్మల లెక్కన ఒప్పుకుంటే ప్రతి పిల్లా మీకు ఒక అంకె అవుతుంది, చెయ్యి తొందరపడుతుంది. కొంత సొమ్ము ముందుగా తీసుకోండి, ఎన్ని గంటలు, ఎంతమంది, మొదలయ్యే సమయం ఎప్పుడు అన్నది ఫోనులో సందేశంగా రాసి పంపి, సరేనని జవాబు వచ్చాకే తేదీ ఖాయం చేసుకోండి.